కిడ్నీలో రాళ్లకు కారణం మెడలో దొరికింది: నా పారాథైరాయిడ్ ఆపరేషన్ అనుభవం

మాది తెనాలి. ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచర్ని. వయసు 48. 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో నాకు పారాథైరాయిడ్ (మెడలో థైరాయిడ్ వెనక ఉండే చిన్న గ్రంథి) ఆపరేషన్ జరిగింది. ఆరు నెలల తర్వాత చేసే రక్తపరీక్షలు కూడా అయిపోయి, డాక్టరు గారు ఫైలు మీద నయమైందని రాశాక ఇది రాస్తున్నాను. జబ్బు పేరు తెలిసిన కొత్తలో ఫోన్‌లో తెలుగులో ఎంత వెతికినా థైరాయిడ్ గురించే వచ్చేది. ఈ ఆపరేషన్‌కి వెళ్లొచ్చిన మనిషి తన మాటల్లో చెప్పింది ఒక్కటీ నాకు కనబడలేదు. పదే పదే కిడ్నీలో రాళ్లు వచ్చేవాళ్లకీ, రిపోర్టులో కాల్షియం పక్కన పైకి బాణం గుర్తు పడుతున్నా "ఏం ఫరవాలేదు" అనిపించుకుని ఇంటికొచ్చేవాళ్లకీ ఇది పనికొస్తుందని నా ఆశ.

2022 ఆగస్టులో మొదటి రాయి పడింది. ఎడమ పక్క నడుములో మొదలైన నొప్పి పొత్తికడుపు దాకా పాకి, వాంతులతో తెల్లవారింది. గుంటూరులో లేజర్‌తో రాయి పగలగొట్టి స్టెంట్ వేశారు, రెండు వారాలకి తీశారు. స్టెంట్ ఉన్నన్నాళ్లూ బాత్రూమ్‌కి వెళ్లాలంటే భయమేసేది. నీళ్లు బాగా తాగమన్నారు, పాలకూర, టమాటా మానమన్నారు. మానేశాను, బిందెలకొద్దీ నీళ్లు తాగాను. అయినా 2023 నవంబరులో కుడి పక్క ఇంకోటి వచ్చింది. అది చిన్నది కాబట్టి మందులతోనే పడిపోయింది.

ఈ మధ్యకాలంలో మిగతా బాధలు ఒక్కొక్కటే చేరాయి. అవన్నీ ఒకే జబ్బు అని అప్పుడు ఎవరికీ తట్టలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక క్లాసులో బోర్డు మీద లెక్క వేస్తూ వేస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. తర్వాతి స్టెప్ ఏమిటో గుర్తొచ్చేది కాదు. ఇరవై ఏళ్లకు పైగా చెబుతున్న వర్గ సమీకరణాలు. ముందు బెంచీలో పిల్లలు "టీచర్, ప్లస్ కాదు, మైనస్" అని అందిస్తుంటే నాకు చెమటలు పట్టేవి. రాళ్ల నొప్పి కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. ఎంత తాగినా తీరని దాహం. రాత్రి రెండు మూడుసార్లు లేవడం. షుగరేమోనని పరీక్ష చేయిస్తే నార్మల్. థైరాయిడ్ పరీక్షా నార్మలే. మలబద్ధకం, మడమల నొప్పి, ముంజేతుల్లో లోపల్నుంచి సలుపు, కారణం లేకుండా ఏడుపు. ఒక డాక్టరు "ఈ వయసులో ఆడవాళ్లకి మామూలేనమ్మా, నెలసరి ఆగే టైము" అన్నారు. ఇంకొకరు టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఎముకల డాక్టరు కాల్షియం మాత్రలు రాసి, వారానికో విటమిన్ డి సాచెట్ వేసుకోమన్నారు. ఇంట్లోవాళ్లు కూడా నన్ను ఓపిక లేని మనిషి కింద జమకట్టేశారు. మావారు మాత్రం "నువ్వు ఇలా ఉండే మనిషివి కాదు, ఏదో ఉంది" అని ఒకటే మాట అంటూ వచ్చారు.

2024 జూన్‌లో, బడులు తెరిచిన వారంలోనే, మళ్లీ ఎడమ పక్క రాయి. ఈసారి వెళ్లింది కొత్త యూరాలజిస్టు దగ్గరికి. చిన్న వయసు డాక్టరు. మావారు తీసుకెళ్లిన ఫైల్లోంచి పాత రిపోర్టులన్నీ బయటకి తీసి, తారీఖుల వరసలో టేబుల్ మీద పరిచారు. పెన్నుతో కాల్షియం అంకెల కింద గీతలు గీశారు. 2022లో 10.8. 2023లో 11.0. ల్యాబువాళ్ల పై హద్దు 10.2. "రాయి తీయడం మా పనేనమ్మా. కానీ మీకు రాళ్లు తయారయ్యే కారణం కిడ్నీలో లేదనిపిస్తోంది" అన్నారు. రెండేళ్లుగా నా ఫైల్లోనే ఉన్న అంకెలవి. ఒక్కో రిపోర్టునీ విడిగా చూస్తే కొంచెం ఎక్కువ, అంతే. వరసగా పెట్టి చూస్తే పెరుగుతూ పోతున్నాయి. అందుకే పాత రిపోర్టులు పారేయకండి, డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ మొత్తం పట్టుకెళ్లండి.

ఆయన రాసిన పరీక్షలు: కాల్షియం, ఆల్బుమిన్, ఫాస్ఫరస్, క్రియాటినిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, పీటీహెచ్. పీటీహెచ్ అంటే పారాథైరాయిడ్ గ్రంథులు తయారుచేసే హార్మోన్. అన్నీ ఒకేసారి తీసిన రక్తంతో చేయించాలని చీటీ మీద రాసి మరీ ఇచ్చారు. దాని విలువ తర్వాత తెలిసింది. ల్యాబులో ఇంకో రెండు సంగతులు నాకు కొత్త. జుట్టు ఊడకుండా బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగారు. అవి వాడుతుంటే కొన్ని మెషీన్లలో పీటీహెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుందట. ఇంకోటి, చేతికి రబ్బరు పట్టీ బిగించి ఎక్కువసేపు ఉంచితే కాల్షియం లేనిపోని ఎక్కువ చూపించవచ్చట. అందుకే నరం దొరకగానే పట్టీ వదిలేసి రక్తం తీశారు. అన్నిటికీ కలిపి 3,600 అయింది. పీటీహెచ్ శాంపిల్ హైదరాబాద్ పంపడం వల్ల రిపోర్టు మూడో రోజు వచ్చింది.

కాల్షియం 11.4. ఫాస్ఫరస్ 2.3, అంటే తక్కువ. విటమిన్ డి 14, అదీ తక్కువే. పీటీహెచ్ 168. దాని పై హద్దు 65.

ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టరు, అపాయింట్‌మెంట్ విజయవాడలో దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ నరకం. కాల్షియం పెరగడానికి క్యాన్సర్ కూడా ఒక కారణం అని చదివి నిద్ర పట్టేది కాదు. డాక్టరు గారు మొదటి ఐదు నిమిషాల్లోనే ఆ భయం తీసేశారు. క్యాన్సర్ వల్ల కాల్షియం పెరిగితే మామూలుగా పీటీహెచ్ అణిగిపోయి కనబడుతుందనీ, నాకు అది పైన ఉందంటే తప్పు పారాథైరాయిడ్‌దేననీ చెప్పారు.

తర్వాత ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. థైరాయిడ్ గ్రంథి వెనక, ఒక్కోటి బియ్యపు గింజంత ఉండే నాలుగు గ్రంథులు. పక్కనే ఉన్నా థైరాయిడ్ పనికీ వీటి పనికీ సంబంధం లేదు. వీటి ఉద్యోగమల్లా రక్తంలో కాల్షియంని ఒక హద్దులో ఉంచడం. కాల్షియం తగ్గిందనుకోండి, ఇవి పీటీహెచ్ వదులుతాయి. ఆ హార్మోన్ ఎముకల్లోంచి కాల్షియం తీసి రక్తంలోకి తెస్తుంది. కాల్షియం ఒంట్లో నిలపమనీ, ఫాస్ఫరస్ బయటికి పంపమనీ కిడ్నీలకి చెబుతుంది. కిడ్నీల్లోనే విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్పించి, పేగులు తిండిలోంచి ఎక్కువ కాల్షియం పీల్చుకునేలా చేస్తుంది. కాల్షియం సరిపడా పెరగగానే గ్రంథులు తగ్గిపోవాలి. ఒకటి పైకెళ్తే రెండోది కిందికి రావాలి. "మీకు రెండూ పైనే ఉన్నాయి చూశారా" అని రెండు అంకెల చుట్టూ సున్నాలు చుట్టారు. అంటే నాలుగిట్లో ఏదో ఒకటి, ఎవరి మాటా వినకుండా, హార్మోన్ వదులుతూనే ఉంది.

లెక్కల మనిషిని కాబట్టి వెంటనే అడిగాను, మరి పీటీహెచ్ 50 వచ్చి ఉంటే నార్మల్ అనేవారా అని. ఆయన ఇచ్చిన జవాబు ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి. కాల్షియం 11.4 ఉన్న మనిషిలో పీటీహెచ్ బాగా కిందికి పడిపోయి ఉండాలట. అలాంటప్పుడు 50 కూడా జబ్బు గుర్తేనట, ల్యాబువాళ్లు దాని పక్కన ఏ బాణమూ వేయకపోయినా సరే. ఈ రెండు అంకెలూ ఒకే రక్తంలోంచి చూడాలన్నది అందుకే.

ఎముకల్లోంచి వచ్చిన కాల్షియం రక్తంలో నిండిపోయి, కిడ్నీలు ఎంత వెనక్కి లాక్కున్నా మిగిలింది మూత్రంలోకి పోతోంది. రాళ్లు అక్కణ్ణుంచి. ముంజేతుల సలుపు ఎముకల నుంచి. దాహం, మలబద్ధకం, బుర్ర మొద్దుబారడం, దిగులు అన్నీ రక్తంలో కాల్షియం ఎక్కువైతే వచ్చేవే. ఆయన ఒక్కొక్కటీ చెబుతుంటే అక్కడే కుర్చీలో ఏడ్చేశాను. రెండేళ్లుగా అందరూ నా మనసులో ఉందన్నది నా మెడలో ఉంది.

ఆ రోజు మూడు మార్పులు చేశారు. కాల్షియం మాత్రలు ఆపేశారు. విటమిన్ డి తక్కువ మోతాదులో, మధ్యమధ్య కాల్షియం చూసుకుంటూ ఇచ్చారు. నా బీపీ మాత్రలో క్లోర్తాలిడోన్ అనే మందు కలిసి ఉంది. ఆ జాతి మందులు మూత్రంలో పోయే కాల్షియంని తగ్గించి రక్తంలో పెంచుతాయట. అది మార్చి నెల తర్వాత మళ్లీ పరీక్ష అన్నారు. బీపీ మాత్ర వాడేవాళ్లు ఆ అట్ట కూడా డాక్టరుకి చూపించండి. పాలు, పెరుగు మానేయాలేమో అనుకున్నాను. మానొద్దన్నారు. తిండిలో కాల్షియం మరీ తగ్గితే ఆ గ్రంథి ఇంకా రెచ్చిపోతుందట. రెండేళ్ల తర్వాత నిశ్చింతగా పెరుగన్నం తిన్నాను.

నెల తర్వాత కాల్షియం 11.3. బీపీ మాత్ర కారణం కాదని తేలింది.

ఆ తర్వాత 24 గంటల మూత్ర పరీక్ష. ఇది ఎందుకంటే, కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా కాల్షియం కొంచెం ఎక్కువగానే ఉంటుంది, మూత్రంలో మాత్రం తక్కువ పోతుంది. అలాంటివాళ్లకి ఆపరేషన్ అక్కర్లేదు, చేసినా లాభం లేదు. ఆ తేడా ఈ పరీక్షలో తెలుస్తుంది. ల్యాబువాళ్లు ఐదు లీటర్ల డబ్బాలో అడుగున కొంచెం యాసిడ్ పోసి ఇచ్చారు. నేరుగా అందులో వెళ్లొద్దనీ, మగ్గులో పట్టి జాగ్రత్తగా పోయమనీ చెప్పారు. పొద్దున లేవగానే వెళ్లింది పారబోసి, ఆ తర్వాతి నుంచి మర్నాడు పొద్దున మొదటిది కూడా కలుపుకుని పట్టాలి. ఆదివారమైతేనే కుదురుతుంది, బడిలో ఈ పని చేయలేం. ఫలితం 362 మిల్లీగ్రాములు. బాగా ఎక్కువ. వంశపారంపర్యం అనుమానం పోయింది.

డెక్సా అనే ఎముకల స్కాన్‌కి 2,500. ఇందులో ముంజేయి కూడా తీయాలని చీటీలో ఉన్నా, అక్కడ నడుము, తుంటి తీసేసి అయిపోయిందన్నారు. చీటీ చూపించి మళ్లీ పడుకున్నాను. మంచిదైంది. నడుములో మైనస్ 1.9 వచ్చింది, ముంజేతిలో మైనస్ 3.1. మైనస్ 2.5 దాటితే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. ఈ జబ్బు ముందు ముంజేతిలాంటి గట్టి ఎముకనే ఎక్కువగా తింటుందట. ఆ ఒక్క స్కాన్ అడిగి తీయించుకోకపోతే నా ఎముకలు ఫరవాలేదనే రిపోర్టు వచ్చేది.

ఇప్పుడు ఆ గ్రంథి ఎక్కడుందో కనిపెట్టాలి. గుంటూరులో మెడ అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనబడలేదు. నాకు కాళ్లూచేతులూ ఆడలేదు. గ్రంథి కనబడకపోతే జబ్బు లేదని కాదు, స్కాన్లు ఎక్కడ కోయాలో చెప్పడానికే, జబ్బు ఉందని రక్తమే చెప్పేసింది అని డాక్టరు గారు ధైర్యం చెప్పారు. కొందరిలో ఆ గ్రంథి ఛాతీలోకి దిగిపోయి ఉంటుందని కూడా చెప్పారు. ఆ రాత్రి చార్లెస్ మార్టెల్ అనే అమెరికన్ ఓడ కెప్టెన్ కథ చదివాను. 1926 నుంచి ఆయన మెడ మళ్లీ మళ్లీ కోసి వెతికారు, దొరకలేదు. ఎముకలు కుంగిపోయి మనిషి పొట్టివాడైపోయాడు. 1932లో ఏడో ఆపరేషన్‌లో అది ఛాతీలో దొరికింది. కొద్ది వారాలకే కిడ్నీ రాయికి చేసిన చికిత్స తర్వాత ఆయన చనిపోయాడు. స్కాన్లు లేని కాలం అది. అది చదివాక మాత్రం చెడ్డ గ్రంథిని వెతికే సెస్టమీబీ స్కాన్ ఖర్చు గురించి ఇంట్లో ఎవరం మాట్లాడలేదు.

ఆ స్కాన్ అక్టోబరులో హైదరాబాద్‌లో చేయించుకున్నాను. 9,500 అయింది. ముందుగా బుక్ చేసుకోవాలి, ఎందుకంటే ఆ రేడియోధార్మిక మందు ఏ రోజుకారోజు తెప్పించుకోవాలి. చేతి నరంలో చిన్న ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపటికి ఒకసారి, మళ్లీ రెండు గంటలు కూర్చోబెట్టి ఇంకోసారి ఫోటోలు తీశారు. ఆ మందు థైరాయిడ్‌లోంచి త్వరగా పోతుంది, చెడిపోయిన పారాథైరాయిడ్‌లో నిలిచిపోతుంది. నొప్పేమీ లేదు. మెడ వెనక్కి వాల్చి కదలకుండా పడుకోవడమే కష్టం. నాకు తెలియనిది ఒకటుంది. ఆ రోజంతా గర్భిణులకీ పసిపిల్లలకీ దూరంగా ఉండమన్నారు. మా అమ్మాయికి అప్పుడు ఐదో నెల. మేం దిగింది వాళ్లింట్లోనే! ఆ రాత్రి మావారి స్నేహితుడింట్లో పడుకోవాల్సి వచ్చింది. ఇంట్లో అలాంటివాళ్లుంటే ముందే ఏర్పాటు చేసుకోండి.

రిపోర్టు: ఎడమ వైపు కింది గ్రంథి, దాదాపు రెండు సెంటీమీటర్లు. ఆ కాగితం చూసినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను. మెడలో గడ్డ ఉందని తెలిసి అంత సంబరపడ్డ మనిషి ఉండరేమో.

మందులతో కాల్షియం కొంత తగ్గించవచ్చుగానీ, చెడ్డ గ్రంథి తీసేయడమే నయం చేసే మార్గం అన్నారు. రాళ్లు, ముంజేతి ఎముక, పై హద్దు కంటే ఒక పాయింటుకి మించి ఉన్న కాల్షియం, యాభై లోపు వయసు. వీటిలో ఒక్కటున్నా ఆపరేషన్ చేయించుకోమంటారట, నాకు నాలుగూ ఉన్నాయి. సర్జన్‌ని ఎలా ఎంచుకోవాలని అడిగితే "ఈ ఆపరేషన్లు తరచుగా చేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి, ఏడాదికి ఎన్ని చేస్తారో అడగడానికి మొహమాటపడొద్దు" అన్నారు. అడిగాను. ఆ సర్జన్ గారు ఏమీ అనుకోకుండా చెప్పారు. స్వరపేటికకి వెళ్లే నరం ఈ గ్రంథుల పక్కనుంచే పోతుందనీ, దానికి దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోతుందనీ, అలా జరిగే అవకాశం తక్కువేననీ కూడా చెప్పారు. నా బతుకుతెరువే గొంతు. ఆ ఒక్క మాట మీద వారం రోజులు తిండి సహించలేదు.

నవంబరు చివర్లో అమ్మాయి శ్రీమంతం అయ్యాక పెట్టుకుందాం అనుకున్నాం. ఇంతలో ఇన్సూరెన్స్ కంపెనీ అడ్డం పడింది. మావారి బ్యాంకు గ్రూపు పాలసీ అది. పాత రాళ్ల చికిత్సకీ దీనికీ సంబంధం ఏమిటో, మొదటిసారి ఎప్పుడు బయటపడిందో రాసివ్వమన్నారు. ఎండోక్రైనాలజిస్ట్ ఉత్తరం, జూన్ నాటి రక్తపరీక్షలు పంపితే రెండు వారాలకి అనుమతి వచ్చింది. అప్పటికి ధనుర్మాసం దగ్గరపడింది. మా అత్తయ్య "శూన్యమాసం వెళ్లాక చేయించుకోవచ్చుగా అమ్మాయ్" అన్నారు. ఆవిడ భయం ఆవిడది. కానీ కాల్షియం 11.7కి చేరింది, ఇక ఆగొద్దన్నారు. డిసెంబరు 18, బుధవారం తారీఖు ఖాయమైంది.

ఆపరేషన్ ముందురోజు ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి స్వరతంత్రులు చూశారు. మర్నాడు పొద్దున మెడలోవన్నీ తీసేయమన్నారు, సూత్రాలు కూడా. ఆపరేషన్ మెడకే కదా. అత్తయ్య పసుపుతాడు తెచ్చి నా కుడి మణికట్టుకి మూడు ముళ్లు వేశారు. నర్సమ్మ చూసి ఏమీ అనలేదు, దాని మీద ప్లాస్టర్ అంటించి లోపలికి తీసుకెళ్లింది.

లోపల జరిగింది తర్వాత విన్నాను. కోయకముందు రక్తం తీశారు, పీటీహెచ్ 182. గ్రంథి తీశాక పది నిమిషాలాగి మళ్లీ తీశారు. రక్తంలో ఈ హార్మోన్ ఆయుష్షు కొద్ది నిమిషాలే కాబట్టి, తప్పు చేస్తున్న గ్రంథి అదొక్కటే అయితే అంకె సగం కంటే కిందికి పడాలి. పడకపోతే ఇంకోటి కూడా చెడినట్టు, మళ్లీ వెతకాలి. ఆ రిపోర్టు వచ్చేదాకా మత్తులోనే ఉంచారు. 41 వచ్చింది. అప్పుడు కుట్లు వేశారు. బయట మావారికి చెప్పిన టైము కన్నా ఎక్కువ పట్టింది ఇందుకే. ఆయన ఆ ఆలస్యానికి హడలిపోయారు. మీ ఇంట్లోవాళ్లకి ఇది ముందే చెప్పి ఉంచండి.

మెలకువ రాగానే సర్జన్ గారు పేరు చెప్పమన్నారు. చెప్పాను. కొంచెం జీరగా ఉన్నా అది నా గొంతే. తర్వాత ఫోన్‌లో ఫోటో చూపించారు. ఎర్రమట్టి రంగులో, 1.9 సెంటీమీటర్లు, 1.3 గ్రాముల ముద్ద. మామూలుగా ఈ గ్రంథి గ్రాములో ఇరవయ్యో వంతు కూడా ఉండదట. తర్వాత వచ్చిన బయాప్సీలో క్యాన్సర్ లేదు, అడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ అని తేలింది.

ఆపరేషన్ నొప్పి నేను భయపడినంత లేదు. మింగితే గొంతు మంట, మెడ వెనక పట్టేసినట్టు ఉండటం, అంతే. అసలు పరీక్ష రెండో రాత్రి మొదలైంది. పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టు తిమ్మిరి, తర్వాత వేళ్ల చివర్లు. తెల్లవారుజామున నర్సమ్మ బీపీ చూడటానికి పట్టీ కట్టి గాలి నింపింది. నింపుతుండగానే నా చెయ్యి నా ప్రమేయం లేకుండా మణికట్టు దగ్గర ముడుచుకుంది, వేళ్లన్నీ నిటారుగా దగ్గరికొచ్చి, బొటనవేలు అరచేతిలోకి వంగిపోయింది. విప్పుదామంటే నా వల్ల కాలేదు. పక్షవాతమే అనుకుని అక్కా అని కేకపెట్టాను. తోడు పడుకున్న మా అక్క లేచి నా చెయ్యి పట్టుకుని "ఏమైందే" అని వణికిపోయింది. నర్సమ్మ మాత్రం తొణక్కుండా పట్టీ వదిలి డాక్టర్ని పిలిచింది. పట్టీ తీసిన కాసేపటికి చెయ్యి విచ్చుకుంది. కాల్షియం 7.6.

ఎందుకిలా అయిందో డ్యూటీ డాక్టరు చెప్పారు. ఒక గ్రంథి సంవత్సరాల తరబడి కాల్షియం ఎక్కువ ఉంచేసరికి మిగతా మూడూ పని మానేసి పడుకున్నాయి. దాన్ని తీసేశాక అవి లేచేదాకా కొన్నాళ్లు లోటు తప్పదు. పైగా ఇన్నాళ్లూ పోగొట్టుకున్న ఎముకలు ఇప్పుడు కాల్షియంని ఆబగా లాక్కుంటాయి. ఈసీజీ మానిటర్ పెట్టి, కాల్షియం గ్లూకోనేట్ సెలైన్‌లో కలిపి చాలా నెమ్మదిగా ఎక్కించారు. ఒళ్లంతా వెచ్చగా అనిపించింది. మధ్యాహ్నానికి తిమ్మిరి తగ్గింది. ఇది జరగవచ్చని ముందే ఒక కాగితంలో రాసి ఇచ్చారుగానీ, చదవడం వేరు, మన చెయ్యి మన మాట వినకపోవడం వేరు.

21న ఇంటికి పంపారు. బిల్లు మొత్తం 1,62,000. ఇన్సూరెన్స్ 1,24,000 ఇచ్చింది. మిగతాది, పరీక్షలు, స్కాన్లు, ప్రయాణాలు మా చేతి నుంచి. ఆపరేషన్ మధ్యలో చేసే పీటీహెచ్ పరీక్ష ప్యాకేజీలో ఉండదని బిల్లు చూశాకే తెలిసింది. ముందే అడగండి.

ఇంటికొచ్చాక కాల్షియం మాత్రలు రోజుకి మూడు పూటలా, కాల్సిట్రియాల్ (పనిచేసే రూపంలో ఉన్న విటమిన్ డి) రెండు పూటలా. కాల్షియం కార్బొనేట్ భోజనంతో వేసుకుంటేనే బాగా ఒంటపడుతుంది. ఐరన్, థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు వాటికీ దీనికీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉంచాలి. రెండు వారాలు రాత్రిళ్లు పెదవులు తిమ్మిరెక్కేవి, తలగడ పక్కన మాత్రలు పెట్టుకునే పడుకున్నాను. వారానికోసారి రక్తం చూసి మోతాదు తగ్గిస్తూ ఫిబ్రవరి చివరికి కాల్సిట్రియాల్ పూర్తిగా ఆపారు.

మార్పు అన్నిట్లో ఒకేసారి రాలేదు. దాహం మూడో రోజుకే పోయింది. పక్కన పెట్టుకున్న నీళ్ల సీసా తెల్లారి చూస్తే నిండుగా ఉంది. ఎన్నాళ్లకో రాత్రంతా లేవకుండా నిద్రపోయాను. దిగులు జనవరిలో, చెప్పకుండా, తగ్గిపోయింది. సంక్రాంతి తర్వాత బడికి వెళ్లాను. మొదటి వారం గొంతు త్వరగా అలిసిపోయింది, హెడ్మాస్టరు గారు దయతలచి పొద్దుటి పీరియడ్లే ఇచ్చారు. ఫిబ్రవరిలో పదో తరగతి పిల్లలకి త్రికోణమితి రివిజన్ చెబుతూ గంట కొట్టేదాకా ఎక్కడా ఆగలేదన్నది స్టాఫ్ రూమ్‌కి వచ్చి కూర్చున్నాక గమనించాను. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి మావారికి చెప్పాను.

అన్నీ పోయాయని చెప్పను. బీపీ అలాగే ఉంది. ఎడమ కిడ్నీలో నాలుగు మిల్లీమీటర్ల పాత రాయి ఒకటి ఇంకా కూర్చుని ఉంది. మడమల నొప్పి సగమే తగ్గింది. మచ్చ మూడు సెంటీమీటర్లు, మెడ ముడతలో కలిసిపోయింది, నల్లపూసలు వేసుకుంటే అసలు కనబడదు.

2025 జూన్ చివర్లో ఆరు నెలల పరీక్షలు: కాల్షియం 9.4, పీటీహెచ్ 47, విటమిన్ డి 36. ఆరు నెలలు దాటినా కాల్షియం హద్దులో నిలబడితేనే నయమైనట్టు లెక్క. ఇక ఏడాదికోసారి కాల్షియం చూసుకోవాలి. డెక్సా డిసెంబరులో. ముంజేతి ఎముక కోలుకోవడం నెమ్మదిగానే ఉంటుందని ముందే చెప్పారు.

కొన్ని కుటుంబాల్లో ఇది ఒకరి కంటే ఎక్కువమందికి వస్తుంది కాబట్టి తోడబుట్టినవాళ్లకి కాల్షియం చూపించమన్నారు. ఒంగోలులో ఉన్న మా తమ్ముడికి కూడా ఒకసారి రాయి వచ్చింది, అందుకని వాడి గురించే బెంగపడ్డాను. వాడికి 9.3, హాయిగా ఉంది. ఏ బాధా లేని మా అక్కకి 10.5 వచ్చింది. ఎముకల డాక్టరు రాసిన కాల్షియం మాత్రలు తను రెండేళ్లుగా వాడుతోంది. అవి ఆపి, ఆల్బుమిన్, పీటీహెచ్ కలిపి మళ్లీ చేయించమన్నారు. సోమవారం పొద్దున తనని నేనే ల్యాబుకి తీసుకెళ్తున్నాను.